ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం

లిఫ్టు లోపలి ఎర్ర బొత్తాము ఎవరు నొక్కినా ఫోను ఆమె బల్ల మీదే మోగుతుంది. ఆమె పనిచేసే సంస్థ సంరక్షణలో ఉన్న లిఫ్టులు నూట నలభై. వాటిలో చాలావాటి ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు గాని గొంతు మాత్రం ఎరుగును. తలుపు సరిగా మూసుకోనిది ఎలా నసుగుతుందో, బ్రేకు పట్టు వదలనిది ఎలా గురక పెడుతుందో రిసీవరు చెవికి ఆనించుకుని కూర్చున్నచోటి నుంచే చెప్పగలదు. అందుకే మెకానిక్కులు ఆమెకు చెవక్క అని పేరు పెట్టారు. వెక్కిరింతగా పుట్టిన ఆ పేరు పద్దెనిమిదేళ్లలో గౌరవవాచకంగా స్థిరపడింది.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కంటి ఆసుపత్రి లిఫ్టు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, మీ లిఫ్టు మూలుగుతోందండీ," అంది అక్కడి హెడ్ నర్సు. "మా పేషెంట్లే నయం."

"ఎన్నో అంతస్తులో ఉన్నారు?"

"అయిదులో."

"ఏమీ మాట్లాడకుండా కిందికి రండి. ఫోను పెట్టెయ్యకండి."

చెవక్క రెండో చెవిని అరచేత్తో మూసుకుని కళ్లు మూసుకుంది. మొదట ఫ్యాను రొద. దాని కింద పట్టాల మీద జారుతున్న పెట్టె నిదానపు శ్వాస. నాలుగుకూ మూడుకూ మధ్య ఎక్కడో, నానిన పాతబట్టను ఎవరో ఓపికగా, ఒక్కొక్క పోగుగా చింపుతున్నట్టు ఒక చప్పుడు. అది ఆగింది. రెండు దాటాక మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా దగ్గరగా.

"దిగాను," అంది నర్సు. "ఏమైనా వినబడిందా?"

"వినబడింది. ఈ పూటకి అందరూ మెట్లెక్కగలరా?"

"నేనైతే ఎక్కుతాను. కళ్లకు కట్టు కట్టించుకున్నవాళ్లు ఎలా ఎక్కుతారండీ?"

చెవక్క వెంటనే మేనేజరుకు ఫోను చేసింది. ఏడు నెలల కిందట ఆయన గది వాళ్ల కార్యాలయ భవనంలోనే నాలుగో అంతస్తుకు మారింది. అప్పటి నుంచి కింది అంతస్తువారికి ఆయన ఒక కంఠంగానూ, కంప్యూటరు తెర మీద ఒక పేరుగానూ మిగిలాడు.

"సార్, కంటాసుపత్రి లిఫ్టు గొంతు బాగాలేదండి. తాళ్ల పోగులు తెగుతున్నాయి. ఇవాళే ఆపేయాలి."

"తొందరపడకండి. ఈ వారం వాళ్ల ట్రస్టు పెద్దలు వస్తున్నారు, కొత్త కాంట్రాక్టు సంగతి మాట్లాడాలి. లిఫ్టు ఆగిపోయి కనిపిస్తే బాగుంటుందా? మీరు చెప్పారు, నేను విన్నాను. చూద్దాం."

ఆ కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది. పనికి సంబంధించి ఫోనులో ఏం మాట్లాడుకున్నా, ఆ మాటల సారాంశాన్ని ఇద్దరిలో ఒకరు సాయంత్రంలోగా మెయిలుగా రాసి రెండోవారికి పంపాలి. మర్నాడు ఉదయం పది గంటలలోపు అవతలివారు కాదనకపోతే తెర మీద ఆ మెయిలు పక్కన పచ్చటి గీత పడుతుంది. పచ్చగీత పడినదే జరిగినట్టు లెక్క. మాటలు గాలికి పోతున్నాయని మేనేజరే ఈ ఏర్పాటు చేశాడు. రోజుకు ఎనభై మెయిళ్లు, అన్నీ 'మనం ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం' అనే మొదలవుతాయి. వాటిని చివరిదాకా చదివే తీరిక ఎవరికీ ఉండదు.

మంగళవారం ఉదయం మరేదో వెతుకుతూ చెవక్క, ముందురోజు సాయంత్రం మేనేజరు పంపిన మెయిలు తెరిచింది.

'మనం ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం, కంటి ఆసుపత్రి లిఫ్టును మీరు స్వయంగా విని, గొంతు బాగానే ఉందనీ, ఆ చప్పుడు తలుపుదేననీ, నెలాఖరు వరకు నిశ్చింతగా నడపవచ్చనీ తెలియజేశారు. మీ సలహా మేరకు తాళ్ల మార్పిడిని వాయిదా వేస్తున్నాను.'

పక్కన పచ్చగీత. అప్పుడు సమయం పదీ ఇరవై.

గొంతు అనే మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. లిఫ్టుకు గొంతు ఉంటుందని ఆ కార్యాలయంలో అనేది ఆమె ఒక్కతే. రిసీవరు తీసింది.

"సార్, నిన్న నేను అలా అనలేదండి. ఆపేయమన్నాను."

"అయ్యో, మీరే కదండీ అన్నారు!" మేనేజరు కంఠంలో చిరాకు లేదు, ఒక విధమైన లాలన ఉంది. "'గొంతు బాగానే ఉంది సార్, తలుపే కాస్త అల్లరి చేస్తోంది' అన్నారు. అని నవ్వారు కూడా. నాకు బాగా గుర్తు."

అబద్ధమాడేవాళ్లు మాటకు ముందు చిన్న ఊపిరి ఎక్కువ తీసుకుంటారు. మాట చివర గొంతు బిగుస్తుంది. లిఫ్టులో బీరువా ఎక్కించి విరగ్గొట్టి, ఏమీ ఎక్కించలేదని బుకాయించినవాళ్లను ఆమె ఎంతమందిని పట్టుకోలేదు! మేనేజరు కంఠాన్ని ఆ మొదటి నుంచి ఈ చివరిదాకా తడిమింది. ఎక్కడా పగులు లేదు. ఆయన కల్పించడం లేదు. జరిగినదాన్ని తలుచుకున్నంత సహజంగా తలుచుకుంటున్నాడు.

"పది దాటిపోయింది కదండీ," అన్నాడాయన. "ఇక మార్చడం కుదరదు. రూలు మీకు తెలియనిదా?"

ఆ లిఫ్టు తెగిపడితే అందులో ఉన్నవారికి ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ తరవాత విచారణవారు మొదట తెరిచే కాగితం ఏదో, దాని మీద బాధ్యులుగా ఎవరి పేరు ఉంటుందో అదీ తెలుసు.

బుధవారం పొద్దున్న ఇంట్లో భోజనాల బల్ల దగ్గర భర్త ఆమె మొహం చూసి ఆరా తీశాడు. ఆయన గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు బైండింగు చేస్తాడు. గోళ్ల అంచుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు ఉంటుంది. అంతా విని, "కూరలో ఉప్పు వేశానన్నావు. మెయిలు పంపలేదుగా, అందుకని నేను మళ్లీ వేసుకున్నాను," అన్నాడు.

ఆమె నవ్వలేదు.

"నువ్వు అనలేదని నీకు తెలుసు కదా. ఇంకేమిటి భయం?"

"నిన్నటిదాకా తెలుసు," అంది చెవక్క.

నిన్న మధ్యాహ్నమంతా ఆమె ఏడు నెలల మెయిళ్లు వెనక్కి తిరగేసింది. ఆమె పేరు మీద పచ్చగీతలు రెండు వందల పదకొండు ఉన్నాయి. వాటిలో ఇంకొక స్త్రీ నివసిస్తోంది. ఆ స్త్రీ ఆమె పలుకుబళ్లే పలుకుతుంది, ఆమెలాగే లిఫ్టుల యోగక్షేమాలు అడుగుతుంది, కాని దేనినీ ఆపమనదు. పైవారు ఏది అనుకుంటే దానినే కాస్త ముందుగా, తన సలహాగా చెబుతుంది. ఒక మెయిలులో 'మీరు దగ్గుతూనే చెప్పారు' అని ఉంది. ఆ వారం ఆమెకు నిజంగానే జలుబు చేసింది. మొదటి పది మెయిళ్లు చదువుతున్నప్పుడు కాదు, కాదు అనుకుంది. ముప్ఫయ్యోది దాటేసరికి, ఏమో, అన్నానేమో అనుకుంది. ఆ తరవాత ఏ అనుమానమూ లేకుండా చదువుకుంటూ పోయింది. ఇప్పుడు ఆమె భయం ఆ స్థితి గురించే.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు, ముఖాముఖి మాట్లాడి తేల్చుకుందామని నాలుగో అంతస్తుకు వెళ్లింది. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. కుర్చీ వీపు మీద కోటు వేలాడుతోంది, దాని చేతులు టైపు చేస్తూ లేచిపోయినవాడి చేతుల్లా ముందుకు వంగి ఉన్నాయి. కంప్యూటరు తెర వెలుగుతోంది. మనిషి లేడు. నడవాలో ఉన్న అటెండరు, "సారు ఇక్కడే ఉన్నారే ఇందాకా," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు గదిలోకి తొంగి చూస్తూ.

దిగి వచ్చేసరికి మూడూ నలభై. తెర మీద కొత్త మెయిలు ఒకటి వచ్చి ఉంది.

'మనం ఇవాళ నాలుగు గంటలకు ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం, మెకానిక్‌ను పంపాలా అని నేను అడగగా, ఈ వారం ఎవరూ ఖాళీ లేరనీ, వచ్చే నెల చూడవచ్చనీ మీరు అన్నారు. ఆ పైన మీ ఇష్టమండి అన్నారు.'

ఆమె గోడ గడియారం వైపు చూసింది. చేతి గడియారమూ చూసుకుంది. నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. తీరిక లేనివాడు, మాట్లాడబోయేది ముందే రాసిపెట్టుకుని పొరపాటున పంపేశాడు, అంతే. తనకు తాను ఈ సమాధానం చెప్పుకుని, ఫోనుకు ఎదురుగా కుర్చీ జరుపుకుని, అనవలసిన మాట లోలోపల వల్లెవేసుకుంటూ కూర్చుంది. పంపాలి సార్. పంపి తీరాలి సార్.

సరిగ్గా నాలుగు గంటలకు ఫోను మోగింది.

"ఏమండీ, కంటాసుపత్రికి మెకానిక్‌ని పంపాలంటారా?"

"పంపాలి సార్."

"పంపుదాం. ఎవరున్నారు ఖాళీగా?"

ఆమె పట్టిక చూసింది. "ఈ వారం ఎవరూ లేరండి. కాని..."

"అదే కదా. వచ్చే నెల మొదట్లో ఉంటారా?"

"వచ్చే నెల ఉంటారు. కాని సార్, అప్పటిదాకా..."

"సరే, ఎలా చేద్దామంటారు? మీరెలా అంటే అలా."

అవతల ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం ఎంత మర్యాదగా ఉందంటే, అందులోకి ఒకే ఒక్క మాట పడుతుంది, ఆ మాట ఆకారంలోనే అది ఖాళీ చేసి ఉంది. ఆమె నోరు తెరిచింది.

"మీ ఇష్టమండి."

ఆ కంఠం ఎవరిదో కాసేపటిదాకా ఆమె పోల్చుకోలేదు.

గురువారం పదకొండుకు కంటి ఆసుపత్రి లిఫ్టు మళ్లీ మోగింది. ఎత్తితే పలుకు లేదు. ఫ్యాను రొద, దాని అడుగున బట్ట చింపుతున్న ఆ చప్పుడు. ఇప్పుడది ఆగడం లేదు. ఉన్నట్టుండి ఏదో దడాలున తగిలి అంతా ఆగిపోయింది. అప్పుడు ఒక ముసలి ఊపిరి వినిపించింది.

"ఎవరమ్మా అక్కడ?"

"నేను లిఫ్టు కంపెనీ నుంచండి. మీరెవరు మామ్మగారూ?"

"నిన్ననే ఆపరేషను చేసి రెండు కళ్లకీ కట్టు కట్టారమ్మా. మా కోడలు చీటీ మరిచిపోయి వెనక్కెళ్లింది, తలుపేమో మూసుకుపోయింది. చేతికి ఏది తగిలితే అది నొక్కాను. ఏ అంతస్తిది? దిగిపోనా?"

"కదలకండి మామ్మగారూ. గోడకి ఆనుకుని నిలబడండి. నేను మాట్లాడుతూనే ఉంటాను."

"మాట్లాడు తల్లీ. నువ్వు మాట్లాడుతుంటే బానే ఉంది. ఇందాకటి నుంచీ పైనెవరో పళ్లు నూరుతున్నారు."

లిఫ్టు ఒక్క కుదుపుతో కదిలింది. ఒక్కొక్క అంతస్తూ దాటుతుంటే చెవక్క ఏవేవో అడిగింది, ఎంతమంది మనవలని, ఏ రంగు ముందు చూడాలనుందని. జవాబులు వింటూ వాటి వెనకాల తాళ్లనే వింది. తలుపు తెరుచుకున్న చప్పుడు రాగానే, "దిగండి. మళ్లీ ఎక్కకండి. ఎవరినీ ఎక్కనివ్వకండి," అంది. ఫోను పెట్టాక చూసుకుంటే రిసీవరు చెమటతో జారుతోంది.

మేనేజరుకు ఫోను చేయలేదు. చేస్తే ఏమవుతుందో నిన్న చూసింది. కొత్త మెయిలు తెరిచింది. తాను పంపిన మెయిళ్లను ఆయన ఏడు నెలలుగా ఒక్కటీ తెరవలేదని ఆమెకు తెలుసు. ఆ వరస మొత్తం 'చదవలేదు' అనే గుర్తుతో బారులు తీరి ఉంది.

'మనం ఉదయం పదకొండూ ఇరవైకి ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం, కంటి ఆసుపత్రి లిఫ్టును తక్షణం ఆపవలసిందిగానూ, తాళ్లన్నీ మార్చవలసిందిగానూ మీరు ఆదేశించారు.'

పదకొండూ ఇరవైకి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, ఈ వాక్యమే రాస్తోంది. చదివితే అచ్చం ఆయన రాసినట్టే ఉంది. అంత తేలిగ్గా వచ్చినందుకు తన వేళ్లను చూసి తానే జంకింది. పంపేసింది. ఎవరైనా రేపు పదిలోగా దాన్ని తెరిచి కాదంటే ఆమె ఉద్యోగం అక్కడితో సరి.

తరవాత తాళ్ల బాబాయికి ఫోను చేసింది. ఆ సంస్థలో అందరికంటే పాత మెకానిక్కు ఆయన. ఉక్కు తాడు మీద చేయి వేసి దాని వయసు చెబుతాడు.

"ఎక్కడున్నావ్ బాబాయ్?"

"మార్కెట్టు వెనక బిల్డింగులో, లిఫ్టు గుంటలో. ఎలకలు నన్ను చూసి జాలిపడుతున్నాయి."

"ఉన్నపళంగా కంటాసుపత్రికి వెళ్లి మెయిన్ స్విచ్ దింపెయ్. తాళ్లు చూడు."

"ఆగు అమ్మాయ్. పైవాళ్ల మాట లేకుండా లిఫ్టు ఆపానని పోయినేడు నన్ను నెల్రోజులు ఇంట్లో కూచోబెట్టారు. ఆ నెలంతా మీ పిన్ని నన్నే లిఫ్టు చేసి ఆడించింది, ఎక్కు, దిగు, అటకమీది డబ్బా తే అని. సారు చెప్పాడా?"

"మెయిలు ఉంది."

"మెయిళ్ల సంగతి నాకెందుకు? సారు నోటితో నీకు చెప్పాడా?"

పద్దెనిమిదేళ్లలో ఆమె ఆ తీగ మీద ఎన్నో మాటలు పంపింది. ఈ మాట లాంటిది ఒక్కటీ లేదు.

"చెప్పారు."

"ఎప్పుడు?"

"పదకొండూ ఇరవైకి. ఫోన్‌లో."

అవతల గుంటలో నీటిబొట్టు ఒకటి పడిన శబ్దం వినిపించింది. "సరే," అన్నాడు బాబాయి, ఏ హాస్యమూ ఆడకుండా. ఫోను ఆగిపోయింది.

మూడు గంటలకు మళ్లీ చేశాడు. నాలుగు తాళ్లలో మూడింటికి పేటలు విడిపోయి పోగులు ముళ్లలా లేచి ఉన్నాయట. పైన కప్పీ కింద ఎర్రటి తుప్పుపొడి గుప్పెడు రాలి ఉందట. "ఇంకో రెండు రోజులు నడిచుంటే..." అని మొదలుపెట్టి, "సరేలే, ఆపాం కదా," అని ముగించాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిది నుంచి చెవక్క ఆ మెయిలు మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్యలో రెండు లిఫ్టులు మోగితే తెర మీదే కన్నుంచి జవాబు చెప్పింది. పదయింది. 'చదవలేదు' అన్న గుర్తు అలాగే ఉంది. దాని పక్కనే పచ్చగీత పడింది. జరగని సంభాషణ జరిగిపోయింది.

ఆసుపత్రివారి కృతజ్ఞతాపత్రం మధ్యాహ్నానికి సంస్థ పెద్దలకు చేరింది. మూడున్నరకు మేనేజరు ఫోను చేశాడు. అదంతా నాకు చెప్పకుండా ఎలా చేశారు అని అడిగితే చెప్పడానికి ఆమె ఒక సమాధానం సిద్ధం చేసుకుంది.

"చూశారా, నేను చెప్పానా లేదా!" అన్నాడాయన సంబరంగా. "నిన్న మీరు ఎంత వెనకాడారండీ! 'ట్రస్టు వాళ్లు వస్తున్నారు కదా సార్, ఇప్పుడు ఆపితే బాగుంటుందా' అన్నారు. 'కాంట్రాక్టు పోతే పోనివ్వండి, మనుషులు ముఖ్యం' అన్నాను. మీ వెనకాల వాన హోరు. సరిగ్గా వినబడక రెండుసార్లు చెప్పాల్సొచ్చింది."

ఇందులో ఒక్క మాట కూడా ఆమె మెయిలులో లేదు. నిన్న వాన లేదు. కిటికీ అవతల వీధి ఎండకు తెల్లగా మెరుస్తోంది, వారం రోజుల దుమ్ము గోడల మీద అలాగే ఉంది. ఆమె ఆయన కంఠాన్ని మళ్లీ తడిమింది. పగులు లేదు. అది వింటుండగానే, చాలా దూరం నుంచి, ఆమె చెవిలో సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"అవునండి," అంది.

అయిదుకు మెయిలు వచ్చింది. లిఫ్టు ఆపడానికి ఆమె అభ్యంతరం చెప్పిందనీ, ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి తాను ఆదేశించాననీ మేనేజరు రాశాడు. కాదనడానికి సోమవారం పది వరకు గడువు. కాదంటే ఏం జరిగిందో చెప్పాలి. అసలు ఫోనే రాలేదని చెప్పాలి. అప్పుడు ఆజ్ఞ లేకుండా స్విచ్ దింపిన తాళ్ల బాబాయి కూడా ఆమెతోపాటు ఇంటికి వెళ్లవలసి వస్తుంది.

శని, ఆదివారాల్లో ఆ సంభాషణ ఆమె లోపల తనంతట తానే పెరిగింది. వాన హోరు స్పష్టమయింది. ఆయన రెండోసారి హెచ్చించి చెప్పిన మాట వినిపించింది. బాగుంటుందా సార్ అని తాను నసిగిన తీరు, అప్పుడు పైట కొంగు వేలికి చుట్టుకుని ఉండడం, అన్నీ గుర్తుకు వచ్చాయి. ఇది జరగలేదు అని పట్టుకుని నిలబడడానికి అందులో ఎక్కడా ఒక అంచు దొరకలేదు. భర్త రెండుసార్లు పిలిస్తే గాని పలకలేదు.

సోమవారం తొమ్మిదీ యాభై రెండుకు కంటి ఆసుపత్రి లిఫ్టు నుంచి ఫోను మోగింది.

"అమ్మాయ్, నేనే," అన్నాడు తాళ్ల బాబాయి. "నాలుగూ కొత్త తాళ్లే. పై నుంచి దిగుతున్నాను, విను."

ఆమె వింది. ఫ్యాను రొద. పట్టాల మీద పెట్టె శ్వాస. మరేమీ లేదు.

"ఎలా ఉంది?"

"గొంతు బాగుంది బాబాయ్."

"ఊఁ. పైనంతా చెప్పుకుంటున్నారు, నువ్వు ఆపొద్దన్నావంట, సారే బలవంతాన ఆపించాడంట. నిజమేనా?"

తెర మీద తొమ్మిదీ యాభై ఏడు. ఆమె మేనేజరు మెయిలు మరోసారి చదివింది.

"నాకు తెలియట్లేదు బాబాయ్," అంది చివరికి. "నిజంగా తెలియట్లేదు."

"నాకు తెలుసు. సారు నీకు ఫోనే చెయ్యలేదు."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. 'చెప్పారు' అన్నావ్ చూడు ఆ రోజు, నీ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. ఈ పిల్ల నాతో అబద్ధమాడుతోంది, ఇది అబద్ధమాడిందంటే అక్కడ తాళ్లు ఎలా ఉన్నాయో అని గుండె జారిపోయింది. నిజం చెప్పుంటే సాయంత్రం తీరిగ్గా వెళ్లేవాణ్ణి. సామాను గుంటలోనే పడేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాను."

ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. చెవిలో వాన లేదు. ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

"అవును బాబాయ్," అంది, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ. "ఆయన చెయ్యలేదు. నేనే రాశాను."

"రాస్తే రాశావులే. ఇక్కడ నర్సమ్మ టీ తాగమని ప్రాణం తీస్తోంది, ఉంటాను."

అప్పటికే పది దాటి, మేనేజరు మెయిలు పక్కన పచ్చగీత పడి ఉంది. దాని కింద తెర ఒక చిన్న గడి చూపిస్తూ, ఇప్పుడే ముగిసిన సంభాషణ సారాంశం రాయమని అడుగుతోంది. తాళ్ల బాబాయి ఎప్పుడూ రాయడు, ఇన్నాళ్లూ ఆయన తరఫున ఆమే రాసేది. చెవక్క వేళ్లు మీటల దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. సాయంత్రం వరకు ఆ గడి ఖాళీగా వెలిగి, గడువు తీరగానే తనంతట తానే మాయమైపోయింది. కార్యాలయపు లెక్క ప్రకారం ఆ ఉదయం తొమ్మిదీ యాభై రెండు నుంచి పది దాటేవరకు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.